రెండు బొడిపెలు, ఒక గుంట

గాజులవాడు అన్నవాడు ముందు చెయ్యి పట్టుకుని పిడికిలి ముడిపిస్తాడు. కణుపులు నొక్కి చూసి, ఏ కొలత గాజు పడుతుందో తేల్చుకున్నాకే మలారంలోంచి గాజు తీస్తాడు. యువరాజు జయమల్లుడు అవేమీ చెయ్యలేదు. ఒరలోకి కత్తి దోపినట్టు ఎదుట కూర్చున్న ఇల్లాలి చేతికి గాజు దోపాడు. అది పుటుక్కున విరిగింది.

"అమ్మో, నా చెయ్యి! వీడెక్కడి గాజులవాడే!" అని ఆమె పెట్టిన కేకకు తాళవన నగరపు నడిబజారంతా తల తిప్పి చూసింది.

"కొత్తవాడమ్మా, మా చెల్లెలి కొడుకు. వాళ్ళ నాన్న పడకేస్తే పనిలోకి దిగాడు. ఈ మట్టిగాజులు ఊరికే వేసుకో తల్లీ," అంటూ కాచమ అడ్డుపడి, వెనక్కి తిరిగి పళ్ళు నూరింది. "ఒరేయ్, తెమలరా! నాకు కాళ్ళు బరువెక్కుతున్నాయి."

రాజుగారి వంటశాలలో జుట్టు నెరిసేదాకా గరిటె తిప్పిన కాచమ, రాజుగారి కొడుకును ఒరేయ్ అనగలిగేది శత్రువు కంటపడకుండా వేసిన ఈ మారువేషంలోనే. దొరికిన అవకాశాన్ని ఆమె ఏ పూటా వదులుకోలేదు.

కాళ్ళు బరువెక్కడం మాత్రం నిజం. కొండసీమకంతా నీళ్ళిచ్చే జీవధారను మౌనకేతుడనే మాంత్రికుడు నల్లకొండ కడుపులో బంధించి, తానూ ఆ రాతి తలుపు వెనకే దాక్కున్నాడు. ఆ తలుపు అతనికంటే పాతది. 'ఇ' అనే అచ్చును తొలిచెయ్యి, అంటే లోకంలో దాన్ని మొదట రాసిన చెయ్యి, రాసినట్టుగా గడపబండ మీద నిలిపినవారికే అది తెరుచుకుంటుంది. తప్పు రాస్తే రాసినవాడు రాయి. కొండసీమ రాజు ఎండిన పొలాలు చూడలేక వెళ్ళి, తనకు వచ్చిన లిపిలో కత్తిమొనతో గీశాడు. వంగినవాడు వంగినట్టే బండకు అతుక్కుపోయాడు. భోజనం మోసుకుని వెనకే వెళ్ళిన కాచమ ఆయన్ను నడుము పట్టుకుని లాగింది. శాపం ఆమెకు సగం అంటింది. "నీ ఇంట్లో తప్ప ఇంకెక్కడైనా కుండెడు అన్నం ఉడికేంతసేపు దాటి నిలిచావో, నువ్వూ రాయివే!" అని లోపలినుంచి ఒక గొంతు వినిపించింది.

ఇల్లు చేరి తలుపేసుకుని కూర్చుంటే ఆమెకేమీ కాకపోవును. కానీ జీవధార నీళ్ళు పడితేనే రాయైనవాళ్ళు మళ్ళీ మనుషులవుతారు. తన చేతి అన్నం తిన్న మనిషిని అలా వంగినట్టే వదిలేసి ఇంటికి ఎలా పోతుంది? అందుకే ఆమె యువరాజుతోపాటు తిరుగుతోంది. కదులుతున్నంతసేపూ పాదాలు మెత్తగానే ఉంటాయి. అందుకని నడిచే బండిలో పడుకుంది, ఊగే ఓడలో పడుకుంది, ఒంటె మూపు మీద పడుకుంది. పడుకోవడం ఎలాగో అలా సాగిపోతోంది. ఆమె మనసు కొట్టుకునేది ఒక్కదానికే. పనంతా అయ్యాక, కాళ్ళు చాపుకుని, తన వంటింటి గోడకు చేరగిలబడి కూర్చోవాలి. అంతే.

* * *

తాళవన నగరమంటే తాటిచెట్ల మధ్య కట్టిన ఊరు కాదు, తాటాకుల మధ్య మొలిచిన ఊరు. వీధి పొడుగునా దండేల మీద లేతాకులు ఆరుతున్నాయి. అరుగుల మీద ఆడవాళ్ళు ఆకులకు పసుపు రాస్తున్నారు. ప్రతి గుమ్మంలో ఒకరు ఒడిలో ఆకు పెట్టుకుని గంటంతో గీస్తుంటే, పక్కన ఇంకొకరు గీసిన అక్షరాల్లోకి నూనె కలిపిన మసి రుద్దుతున్నారు. ఊరంతటి అరచేతులూ సగం పసుపు, సగం నలుపు. గాలి వీచినప్పుడల్లా నగరం మొత్తం పుస్తకం తిప్పినట్టు గలగలలాడుతుంది.

ఆ ఊరి లిపిశాలకు పెద్ద చిత్రకంఠుడు. బొద్దుగా, బుగ్గన తాంబూలంతో, ఆకును ముక్కుకు ఆనించుకుంటే తప్ప చదవలేని పెద్దమనిషి.

"రండి, రండి. అమ్మా, కూర్చోండి," అన్నాడు పీట జరిపి.

"కూర్చోలేనయ్యా. మీరు చెప్పండి, నేను నడుస్తూ వింటాను," అని కాచమ స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. శిష్యుల తలలన్నీ ఆమెతోపాటు తిరిగాయి.

వచ్చిన పని విని చిత్రకంఠుడు నవ్వాడు. "ఒక్క అచ్చు కోసం ఇన్ని రాజ్యాలు తిరిగారా?"

"తిరిగాం," అన్నాడు జయమల్లుడు. "లవణతీరంలో ఓడలవాళ్ళు నిలువుగా ఒక కర్ర గీసి, దాని నెత్తిన చుక్క పెడుతున్నారు."

"ఆ చుక్క మొన్నమొన్నటిది నాయనా. కర్రల్లాంటి అక్షరాలన్నీ పక్కపక్కన నిలబడితే ఏది ఏదో తెలియక పెట్టుకున్నారు. అంతకుముందు వట్టి కర్ర. ఇంకా ముందుకు పోతే అది చెయ్యి బొమ్మ, మోచేతితో, వేళ్ళతో సహా. ఆనాడది అచ్చు కూడా కాదు. యకారానికి రాసుకునేవారు. అవతలి ఒడ్డువాళ్ళు ఆ గుర్తు తెచ్చుకున్నాక, వాళ్ళ మాటల్లో ఆ హల్లుతో పని పడలేదు. ఉన్నదాన్ని పారెయ్యడమెందుకని 'ఇ'కి పెట్టుకున్నారు."

"చిరిగిన చీర బొంతకు వాడుకున్నట్టు," అంది కాచమ స్తంభం వెనకనుంచి.

"అచ్చం అంతే తల్లీ!"

"ఇసుకసీమలో అసలు రాయనే రాయరు," అన్నాడు యువరాజు విసుగ్గా. "హల్లు కింద ఒక వాలుగీత. అదీ పిల్లలకు నేర్పేటప్పుడూ, దేవుడి మాట రాసేటప్పుడూ. మిగతావన్నీ గీత లేకుండానే గడగడా చదివేస్తున్నారు."

"తెలిసిన ఇంట్లో దీపమెందుకనుకున్నారు పాపం." చిత్రకంఠుడు ఒక ఆకు తీసి గంటం ఎత్తకుండా ఒక మెలిక తిప్పాడు. "ఇది మాది. మా తాతలు చుక్కలే పెట్టేవారట. గంటంతో చుక్క పొడిస్తే ఆకు చిల్లుపడుతుంది, చిల్లు దగ్గర చిరుగుతుంది. అందుకని చుక్కలన్నీ కలిపి చుట్టేశారు. హల్లుతో కలిస్తే ఈ మెలిక కూడా ఉండదు. గుడి కట్టుకుని హల్లు నెత్తిన కూర్చుంటుంది."

"అదీ కూర్చుంటుంది," అని కాచమ నిట్టూర్చింది.

"ఇంతకీ చుక్కలెన్ని?" జయమల్లుడు ముందుకు వంగాడు.

చిత్రకంఠుడు తాంబూలం నమలడం ఆపాడు. "ఇక్కడే మా వాళ్ళు కొట్టుకుంటారు. రెండని కొందరు, మూడని కొందరు. మీ గడపబండ మీద ఏముంది, చూశావా?"

"రెండు బొడిపెలు. వాటి ముందు ఒక గుంట."

"గుంటా!" ముసలాయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "అయితే మూడు! మూడోది ఊడిపోయింది నాయనా. అక్షరం చెడిపోలేదు, అరకొరగా ఉంది. దాని మీద మీరెవరూ కొత్తగా రాయకూడదు. ఆ లోటు పూడ్చాలి. దేనితో అంటావా, నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పి నీ చెయ్యి రాయి చెయ్యలేను."

"తొలిచెయ్యి రాజవంశానిదే అయివుంటుంది," అని యువరాజు నడుముకట్టు తడుముకున్నాడు. అందులో కోడిగుడ్డంత కెంపు ఉంది, వాళ్ళ వంశమణి.

ఆ క్షణంలోనే శాల కప్పు ఫెళ్ళున విరిగింది.

* * *

మౌనకేతుడి రాతిగద్దలు! రెక్క ఆడిస్తే తిరగలి తిప్పినట్టు శబ్దం, ముక్కు గునపమంత. కాచమ ఏ ఊళ్ళో ఆలస్యం చేసినా అవి వాసన పట్టి వచ్చేస్తాయి. ఒక గద్ద గోళ్ళకు చిక్కి స్తంభం రెండు ముక్కలైంది. ఇంకొకటి పసుపు బానలో పడి లేచి, పచ్చగా మెరుస్తూ యువరాజు మీదికి దూకింది. జయమల్లుడు గాజుల మలారం దాని మెడకు వేసి మెలేశాడు. గాజులన్నీ చిట్లి దాని కళ్ళలో పడ్డాయి. చిత్రకంఠుడు శిష్యులను గంపల కిందికి తోస్తూ, "పెరటి దారి! కాలవ!" అని అరిచాడు.

పెరటి కాలవలో ఒక తాటిదోనె కట్టి ఉంది. ఇద్దరూ అందులోకి ఉరికారు. తాడు తెంపేసరికి నీళ్ళు దాన్ని ఎగరేసుకుపోయాయి. మలుపు దగ్గర దోనె ఒడ్డుకు కొట్టుకుంది, తిరగబడబోయింది, మళ్ళీ లేచింది. నెత్తిమీద గద్దలు. ఎదురుగా ఆకుల మోపులతో వస్తున్న పడవలు. "తప్పుకోండర్రా, తప్పుకోండి!" అని కాచమ కేక వేస్తూనే చేతికందిన మోపు ఒకటి లాగి దోనె మీద కప్పేసింది. ఆకుల పడవల్లో ఆకుల దోనె కలిసిపోయింది. గద్దలు కాసేపు గిరగిరా తిరిగి, తిరగళ్ళు దూరమైనట్టు దూరమయ్యాయి.

తెరిపిన పడ్డాక కాచమ ఒడ్డు పట్టించింది. రెండు రాళ్ళు ఏరి, మూట విప్పి మూడో రాయి తీసి పొయ్యి పెట్టింది. అన్నం దించగానే ఆ మూడో రాయిని తడిగుడ్డతో పట్టి మళ్ళీ మూటగట్టింది.

"ఒడ్డు నిండా రాళ్ళుంటే ఆ మసిరాయి మోత ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు యువరాజు ముద్ద మింగుతూ. "దాని బరువుకే దోనె మునగబోయింది."

"నీ బరువుకు మునగబోయింది. నోరుమూసుకుని తిను." కాచమ అటూ ఇటూ తిరుగుతూనే తింటోంది. "ఇది మా ఇంటి పొయ్యిరాయి. మా వైపు ఆడది దూరం వెళితే ఒక రాయి వెంట తెచ్చుకుంటుంది. ఎక్కడ వండినా ఇది కలవాలి, లేచేటప్పుడు ఇది కదలాలి. ఇంట్లో రెండే రాళ్ళు మిగిలాయి. నేను తిరిగి వెళ్ళి ఇది పెట్టేదాకా ఆ పొయ్యి వెలగదు."

"మర్చిపోయి వదిలేస్తే?"

"చెయ్యి మర్చిపోతుందా నాయనా?" అని ఆమె అప్పటికే మూట ఎత్తుకుని దారి పట్టింది.

* * *

నల్లకొండ తలుపు ముందు ఎండ నిట్టనిలువుగా కాస్తోంది. ఏడు తాటిచెట్ల ఎత్తున తలుపు, దాని మీద ఏనుగులు, మొసళ్ళు, తీగలు, తీగల మధ్య పిట్టలు. ప్రతి పిట్ట కన్ను కిందికే, గడపబండ కేసే చూస్తోంది. ఆ బండ చుట్టూ రాతిమనుషులు వంగి ఉన్నారు. ఒక రాజు, ఒక మంత్రి, ఒక పండితుడు, ఎక్కడి నుంచో వచ్చిన ఓడల నాయకుడు. అందరి చేతులూ బండకు అతుక్కుని ఉన్నాయి. పడిపోయిన ఉంగరాన్ని అందరూ కలిసి వెతుకుతున్నట్టుంది. వాళ్ళ మధ్య కొండసీమ రాజు. ఆయన భుజం మీద ఒక తొండ ఎండ కాచుకుంటోంది.

కాచమ ముందు తొండను అదిలించి, కొంగుతో ఆయన ముఖం మీది దుమ్ము తుడిచింది.

జయమల్లుడు కెంపు తీసి గుంటలో పెట్టాడు. కెంపు గవ్వలా దొర్లి గుంటలో మాయమైంది. మరుక్షణం గుంట అంచులు దగ్గరపడి అతని మణికట్టు పట్టేశాయి.

"పెద్దమ్మా!"

వేళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. ఆ రంగు మెల్లగా పైకి పాకుతోంది. కాచమ అతని నడుము పట్టి లాగబోయి ఆగింది. లాగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చెయ్యి తాకి చూసింది. మంచులా ఉంది.

"చల్లబడిపోతున్నావురా," అంది. చల్లబడ్డ ఒంటికి ఆమెకు తెలిసిన మందు ఒక్కటే, వేడి గంజి. మూట విప్పింది. కుండ తీసింది. చుట్టుపక్కల రాయి కోసం వెతికింది. రాళ్ళన్నీ మనుషులే.

"ఇప్పుడు వంటేమిటి!" అని యువరాజు అరిచాడు.

"ఏడుస్తూ కూర్చోవడానికి నాకు కూర్చునే రాత కూడా లేదు. చెయ్యి కాస్త పక్కకు వంచు!"

బండ మీదున్న రెండు బొడిపెలే దిక్కయ్యాయి. మూడో రాయికి సమంగా నిలిచే చోటు యువరాజు మణికట్టు పక్కన, ఆ గుంట అంచునే ఉంది. తన పొయ్యిరాయి అక్కడ ఆనించింది. అది జారి, గుంటలో సరిగ్గా కూర్చుంది. యువరాజు చెయ్యి బుడగలా బయటికొచ్చేసింది.

ఇద్దరూ తలుపు వైపు చూశారు. తలుపు కదల్లేదు.

"చుక్కలు మూడూ ఉన్నాయి కదా!" యువరాజు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రుద్దుకుంటున్నాడు. ఆ బూడిదరంగు ఇంకా మోచేతి కింద ఉంది.

"ఉంటే ఉన్నాయి. నీకు ముందు గంజి పడాలి," అని కాచమ చితుకులు పేర్చింది. కాలవ నీళ్ళకు తడిసి మూటలో ఆరని చితుకులు. చెకుముకి కొట్టింది, ఊదింది, పొగకు దగ్గింది, మళ్ళీ ఊదింది. మంట అంటుకోవడానికే ఒక పూట వంటంత సేపు పట్టింది. చివరికి ఎసరు కాగింది, బియ్యం పడ్డాయి, కుతకుతలాడాయి. నురగ అంచులు దాటి పొంగి, మూడు రాళ్ళ మీదా చుయ్యిమంటూ జారింది.

కొండ లోపల ఏదో మూలిగింది. ఏనుగులు, మొసళ్ళు, పిట్టలు చెరిసగమై పక్కకు తప్పుకున్నాయి. లోపలినుంచి తడిమట్టి వాసన వచ్చింది.

"తెరుచుకుంది పెద్దమ్మా! తెరుచుకుంది! ఆ మూడు చుక్కలూ పొయ్యిరాళ్ళేనన్నమాట!"

"ముందు ఇది తాగు!" అని రెండు గుక్కల గంజి అతని నోట్లో పోసింది కాచమ. చేతికి రంగు తిరిగింది. అప్పుడే ఆకాశంలో తిరగళ్ళు తిరిగిన చప్పుడు. గద్దలు! "పద, పద!" ఇద్దరూ లేచారు. కాచమ కుండ దించి చంక పెట్టుకుంది. నిప్పు చెదరగొట్టింది. తడిగుడ్డతో మూడో రాయి పట్టి లేపి, గడప దాటింది.

వెనక ఫెళ్ళుమని తలుపు మూసుకుంది.

మసకలో యువరాజు ఆమె వైపు చూశాడు. తర్వాత ఆమె చేతిలోని రాయి వైపు చూశాడు.

"ఏం పని చేశావు పెద్దమ్మా!"

కాచమ జవాబు చెప్పబోయి, కదలలేకపోయింది. రాయి లేపిన క్షణం నుంచి కాళ్ళు బరువెక్కుతూనే ఉన్నాయి, ఎన్నడూ లేనంత వేగంగా. చీలమండలు దాటింది. పిక్కల్లోకి పాకింది. తడి చితుకులతో అంతసేపు ఊదినప్పుడు, రెండు కుండలు ఉడికేంత కాలం ఒక్కచోటే ఉన్నప్పుడు, ఈ బరువేమైంది? అప్పుడు బొటనవేలు కూడా మొద్దుబారలేదే! తన రాయి కలిసి పొయ్యి వెలిగిన చోటే తన ఇల్లు కాబోలు.

చీకట్లో నీళ్ళ చప్పుడు. ఆ నీళ్ళలో ఎవరో నడుస్తున్నారు. అటు, ఇటు. మళ్ళీ అటు, ఇటు. ఆగకుండా.

"ఆ రాయి ఇలా తే," అంది ఆనాటి గొంతు.

పైనున్న చీలికలోంచి పడుతున్న వెలుగులోకి వచ్చాడు మౌనకేతుడు. మోకాళ్ళలోతు జీవధారలో నడుస్తున్నాడు. జడలు నేలకు జీరాడుతున్నాయి. కళ్ళు నిద్రకు మొహం వాచి ఎర్రబడ్డాయి. జయమల్లుడు కత్తి దూశాడు. కాచమ మాత్రం మాంత్రికుణ్ణి చూడలేదు. ఒడ్డున ఉన్నదాన్ని చూసింది. రెండు రాళ్ళు. వాటి మధ్య బూడిద కూడా లేదు.

"నువ్వూ మా కొండవాడివేనా?" అంది.

నడక ఒక్క అడుగు తడబడింది. "మా అమ్మ ఇచ్చిన రాయి లోయలో విసిరేశాను. మంత్రం నేర్చినవాడికి ఇల్లెందుకు అనుకున్నాను. అప్పటినుంచి నిలబడితే రాయినవుతున్నాను. ఈ నీళ్ళలో నడుస్తూ ఉంటేనే మనిషిని. నీళ్ళు వదిలిపెట్టమంటారు మీరంతా! తే రాయి. లేదా ఆ బరువు నీ మోకాళ్ళు దాటేదాకా చూస్తూ ఊరుకుంటాను."

"ఇవ్వను," అంది కాచమ. "లాక్కున్న రాయితో పొయ్యి అవుతుందిట్రా? నేనే పెడతాను. బాబూ, ఆ కత్తి పక్కన పెట్టి నీ ఒర ఇలా ఇయ్యి. ఎండిన చెక్క."

"వాడితోనా పెద్దమ్మా!"

"ఇయ్యరా!"

పాకుతూ వెళ్ళి ఆ రెండు రాళ్ళకు తన రాయి కలిపింది. ఒర విరిచి రాజేసింది. మంట అందుకోగానే పిక్కల్లోంచి బరువు దిగిపోయింది. కుండ పెట్టింది. ఆ తర్వాత ఇన్ని రాజ్యాల దారిలో ఎక్కడా చెయ్యని పని చేసింది. కాళ్ళు రెండూ బారజాపి, వెనక రాతిగోడకు చేరగిలబడి కూర్చుంది. నడుములో ఎముకలన్నీ ఒక్కొక్కటే సర్దుకున్నాయి.

"రా, కూర్చో," అంది మాంత్రికుడితో. "తిన్నంతసేపూ నీకు ఆ నీళ్ళు అక్కర్లేదు. ధార వదిలిపెట్టు. బయట మా రాజుగారు వంగి వంగి నడుము పడిపోయి ఉంటారు."

మౌనకేతుడు ఒక పాదం నీళ్ళలోంచి తీసి ఒడ్డు మీద ఆనించాడు. వంగి చూశాడు. పాదం పాదంలాగే ఉంది. రెండో పాదం మాత్రం నీళ్ళలోనే ఉంచాడు.

"తినడం అయ్యాక?" అన్నాడు. "నువ్వు లేచి వెళ్ళేటప్పుడు ఆ రాయి తీసుకుపోతావు కదా?"

తలుపు మీద గద్దల ముక్కులు ధనధనా పడుతున్నాయి. యువరాజు కత్తిపిడి మీద చెయ్యి బిగించాడు. కాచమ మంటకేసి చూసింది. ఊళ్ళో తన వంటింట్లో ఆరిపోయిన రెండు రాళ్ళు కళ్ళముందు మెదిలాయి. మూత తీసి, గరిటెడు అన్నం ఆకులో పెట్టి, అతని వైపు జరిపింది.